కోయని పత్రి

వినాయక చవితికి ముందురోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే కాలు పెట్టే సందు ఉండదు. కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే పిల్లలు, చీరల దుకాణాలకు పోయే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య రోడ్డు మీదికి వచ్చేసిన చవితి సంత. ఒక పక్క మట్టి బొమ్మలు, ఒక పక్క వెలక్కాయలు, మొక్కజొన్న కంకులు. వాటి నడుమ తడి గోనె మీద పచ్చగా కుప్పపోసిన పత్రి. నిరుడు నేనూ ఒక కట్ట కొన్నాను.

పొద్దున పీట ముందు ఆ కట్ట విప్పి, పూజ పుస్తకం తెరిచి, ఒక్కొక్క ఆకునూ దాని పేరు దగ్గర పెడుతూ పోయాను. గరిక దొరికింది. మామిడి, జిల్లేడు, రావి, తులసి దొరికాయి. తర్వాత చేతికొచ్చినవన్నీ జామ ఆకులు, ఏదో కంచె మొక్క కొమ్మలు. పుస్తకంలో ఇరవై ఒక్క పేర్లున్నాయి, కట్టలో ఐదున్నాయి. అమ్మిన తల్లిని తప్పుపట్టను. ఎక్కడో శివారు పల్లెలో తెల్లవారకముందే లేచి, దొరికింది కోసుకుని, బస్సెక్కి వచ్చింది. ఇరవై ఒకటీ కావాలని ఆమెను అడిగినవాళ్ళెవరు? నేనూ అడగలేదు.

మా అన్న కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి డాక్టరు చదువు ప్రవేశపరీక్షకు తయారవుతోంది. పండక్కి మా ఇంటికొచ్చింది. నేను చదువుతుంటే వింటూ కూర్చుని, "చిన్నాన్నా, అపామార్గం అంటే ఏది?" అంది. ఉత్తరేణి అన్నాను. "ఉత్తరేణి అంటే?" అంది. చూపిద్దామంటే చేతిలో ఆకు లేదు. నా నోట్లో ఒకే మొక్కకు రెండు పేర్లున్నాయి, ఆ పిల్ల కంటికి ఒక్కటీ ఆనలేదు. ఆ రోజంతా ఆ వెలితి నన్ను వదల్లేదు.

మాది నకిరేకల్ వైపు ఊరు. విజయవాడ రోడ్డు మీద బస్సెక్కిన నల్లగొండ జిల్లా మనిషి ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగి, దిగిన చోటుకు దగ్గర్లోనే ఇల్లు వెతుక్కుంటాడు. మేమూ అట్లా వచ్చినవాళ్ళమే. చిన్నప్పుడు చవితి ముందురోజు నాయనమ్మ నా చేతికి వెదురుబుట్ట ఇచ్చి పంపేది. ఆమెకు చదువు రాదు. సంస్కృతం పేర్లు అయ్యగారి నోట వినడమే. ఆమె దగ్గర ఉన్నది పేర్ల వరుస కాదు, దారి. "కట్ట మీద గరిక తెంపు. కట్ట దిగంగనే వావిలి ఉంటది. వాగొడ్డు పొంటి పోతె మద్ది. బీట్లకు ఎక్కితె రేగు, ఉత్తరేణి, వాకుడు. వాకుడు ముల్లు జాగ్రత్త. గట్టు మీద జమ్మి. మర్లి వచ్చేటప్పుడు గుడికాడ రావి, పటేలు దొడ్లె మారేడు అడుగు." ఆ క్రమంలోనే పోయి ఆ క్రమంలోనే వచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ దారిలో ఎంత ఆలోచన ఉందో తెలుస్తోంది. గరికకు చెరువు తడి కావాలి. మద్దికి పారే నీరు కావాలి. రేగుకు, ఉత్తరేణికి ఎవరూ దున్నని నేల కావాలి. జమ్మి పొలం గట్టున నిలుస్తుంది. తులసి, మరువం, జాజి ఇంటి వాకిట్లోవి, దానిమ్మ పెరటిది. ఊళ్ళో ఉన్న నేలలన్నిటినీ ఒకసారి తొక్కితే తప్ప పూజ పత్రి పళ్ళెం నిండదు. చెరువు కట్ట తెగినా, బీడు దున్నేసినా, వాగు ఎండినా చవితినాడు పళ్ళెంలో తెలిసిపోతుంది. భాద్రపదం వానలకు మొలిచిన చిన్న మొక్కలన్నీ ఆకుమీద ఉండే నెల. వేసవిలో పండగ పెట్టి ఉంటే వీటిలో సగం కనబడవు. ఏటా ఒకసారి ఊరి పచ్చదనాన్ని పిల్లల కాళ్ళతో లెక్కపెట్టించిన పండగ అది. ఇరవై ఒకటిలో దేవదారు కూడా ఉంది. అది హిమాలయాల చెట్టు, మా నేలకు రాదు. దాని పేరు వచ్చినప్పుడు నాయనమ్మ ఒక గరికపోచ వేసి దణ్ణం పెట్టేది. దొరకని దాన్ని దొరకనిదిగానే తలుచుకునేది.

అడవిలో ఒక అంశం పట్టుకుని నడిచే బాటలు ఇవాళ లోకమంతా ఉన్నాయి. పక్షుల బాట, మందుమొక్కల బాట, సీతాకోకచిలుకల బాట. వీటికి ముందునడిచినవాళ్ళలో ఒకరు ఫ్రాంక్ లుట్జ్, పురుగుల శాస్త్రవేత్త. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పనిచేసేవాడు. 1925లో ఆ నగరానికి దూరంగా టక్సీడో దగ్గర అడవిలో రెండు కాలిబాటలు వేయించాడు. ఒకదాని వెంట చెట్టుకూ పుట్టకూ చిన్న చిన్న చీటీలు కట్టించి, ఏది ఏమిటో రాయించాడు. రెండోదాని వెంట కూడా చీటీలే, కానీ వాటిమీద ప్రశ్నలు. మొదటి బాట చెబుతుంది, రెండో బాట అడుగుతుంది. మ్యూజియంలో గాజుపెట్టె ముందు నిలబడి నేర్చుకోలేనిది మనిషి ఆ రెండు బాటల మధ్య నేర్చుకుంటాడని ఆయన నమ్మకం. ఆ సంగతి చదివినప్పుడు నాకు నాయనమ్మ బుట్ట గుర్తొచ్చింది. ఆమె పోయేటప్పుడు చెప్పేది, మళ్ళీ వచ్చాక బుట్ట గుమ్మరించి "ఇదేంది? ఇదెక్కడిది?" అని అడిగేది. చీటీ ఒక్కటే లేదు.

చవితి దాటిన ఆదివారం పిల్లను తీసుకుని గుర్రంగూడ సంజీవని వనానికి వెళ్ళాను. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర నేరుగా పోతే విజయవాడ దారి, కుడికి తిరిగి బైరామల్‌గూడ మీదుగా పోతే సాగర్ రోడ్డు. ఆ సాగర్ రోడ్డు పక్కన రిజర్వు అడవిలో మందుమొక్కలు ముఖ్యంగా తీర్చిన వనం ఇది. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు వేగంగా, చేతులూపుకుంటూ, చెవుల్లో పాటలతో మమ్మల్ని దాటిపోతున్నారు. ఒంటికి అది మంచిదే. మేం మాత్రం మొదటి అరగంటలో వంద అడుగులు కూడా వేయలేదు. పిల్ల చేతిలో నోటుపుస్తకం, అందులో ఇరవై ఒక్క పేర్లు, ఒక్కొక్క పేరు ఎదురుగా ఖాళీ గడి.

మొదటి గడి నింపింది ఉత్తరేణి. బాట అంచునే ఉంది. పొడుగాటి కంకి, దానిమీద కిందికి వంగి అతుక్కున్న గింజలు. "దీన్ని చిన్నప్పుడు లంగాకు అంటించుకుని ఇంటికి తెచ్చేదాన్ని, గీకి గీకి తీసేది మా అమ్మ" అంది పిల్ల. ఆ మొక్కను ఎరగకపోవడం కాదు, ఎరిగినదానికి పేరు లేదు. పేరు చెప్పగానే ఆ పిల్ల ముఖంలో వచ్చిన మార్పు చూశాను. తప్పిపోయిన చుట్టం కనబడినట్టుంది.

కొంచెం లోపలికి పోయాక ముళ్ళ ఆకుల మొక్కొకటి, ఊదారంగు పూలతో. నేను వాకుడు అని నోరు తెరవబోతుంటే పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని పువ్వును దగ్గరగా చూసి, "చిన్నాన్నా, ఇది సోలనేసీ" అంది. ఎట్లా తెలుసన్నాను. రేకులు ఐదూ కింద కలిసి ఉన్నాయి, కేసరాలు ఐదూ రేకులకే అతుక్కున్నాయి, పచ్చటి పుప్పొడి తిత్తులు నడిమధ్య గుమిగూడి ఉన్నాయి అని వేలితో చూపించింది. వంకాయ పువ్వు, టమాటా పువ్వు, ఉమ్మెత్త, అన్నీ ఈ కుటుంబమే అంది. పరీక్షకు బట్టీపట్టిన సూత్రం అది. బొమ్మలో చూసిందే తప్ప పువ్వు మీద ఎన్నడూ సరిచూసుకోలేదట. నేను చెప్పాల్సింది నేను చెప్పాను: పూజలో బృహతీపత్రం అంటే ఇదే, మన నాయనమ్మ ముల్లు జాగ్రత్త అన్నది దీని గురించే. ఆ పిల్ల తన పుస్తకం నుంచి, నేను నా పళ్ళెం నుంచి నడిచి వచ్చి ఒకే మొక్క దగ్గర కలుసుకున్నాం. చాలాసేపు ఇద్దరం అక్కణ్ణుంచి లేవలేదు.

ఆ రోజు వావిలి కనబడింది. ఐదు వేళ్ళ అరచేయిలాంటి ఆకు, అడుగున బూడిద తెలుపు. తుంచకుండానే రెండు వేళ్ళ మధ్య నలిపితే ఘాటు వాసన. బాలింతలకు ఆ ఆకు కాచిన నీళ్ళు పోసేవాళ్ళని, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకూ పోశారని చెప్పాను. మూడు రెక్కల మారేడు చూశాం. ఉమ్మెత్త చూశాం. నున్నటి తెల్లబెరడు మద్ది చూశాం. గడ్డిలో నేలబారుగా, గోరంత నీలిపువ్వుతో విష్ణుక్రాంత. దాన్ని నేనే తొక్కబోయాను, పిల్ల చెయ్యి పట్టి ఆపింది. వెనక్కి వచ్చేటప్పుడు వంతు మార్చుకున్నాం, ఆ పిల్ల దాచిపెట్టి అడగడం, నేను చెప్పడం. రెండు తప్పాను.

అంశమొకటి పెట్టుకుని నడవడంలో ఉన్న మేలు ఏమిటని ఆ సాయంత్రం మెట్రోలో కూర్చుని ఆలోచించాను. ఇంతకుముందు పదిసార్లు నడిచిన అడవిలో నేను చూసింది పచ్చదనం. పచ్చదనం ఒకటే ముద్ద. దానికి ఆకులు లేవు, కొమ్మలు లేవు, అది కళ్ళకు చల్లగా ఉంటుందంతే. చేతిలో ఇరవై ఒక్క పేర్లు ఉండేసరికి ఆ ముద్ద విడిపోయింది. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ పోవాలి గదా. అది కాదని తేల్చుకోవటానికి దేన్నైనా నిలబడి చూడాల్సిందే. వావిలి కోసం వెతుకుతూ వావిలి కాని ముప్ఫై చెట్లను చూశాం. దొరికినవాటికన్నా దొరకనివాటి దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాం.

చెట్లను వరుసగా గుర్తుపెట్టుకోవటానికి మనవాళ్ళు ఈ ఒక్క దారే వేయలేదు. ఇరవై ఏడు నక్షత్రాలకు ఇరవై ఏడు చెట్లు చెప్పారు. రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మర్రి, ధనిష్ఠకు జమ్మి, రేవతికి ఇప్ప. జింకతల అని పేరున్న మృగశిరకు చండ్ర. రైతు ఆ నక్షత్రాల పేర్లతోనే కార్తెలు లెక్కపెడతాడు, రోహిణికి రోళ్ళు పగిలే ఎండ, మృగశిరకు తొలకరి. ఆకాశాన్నీ వాననూ చెట్టునూ ఒకే తాడుకు కట్టినవాళ్ళు మన పెద్దలు. బతుకమ్మకు తంగేడు, గునుగు వెతుక్కుంటూ బీళ్ళ వెంట నడిచిన ఆడపిల్లలది మరో బాట. ఊరి పేర్లలో కూడా చెట్లు నిలిచిపోయాయి. ఈ తూర్పు హైదరాబాదులోనే వినండి: గడ్డిఅన్నారం, చింతలకుంట, జిల్లెలగూడ, కొంచెం అవతల మామిడిపల్లి, రావిర్యాల. ఆ పేర్ల చరిత్ర నేను చెప్పబోవడం లేదు. బస్సు కండక్టరు అరుస్తుంటే నా చెవికి గరిక, చింత, జిల్లేడు, మామిడి, రావి వినబడతాయి, అంతే.

రెండో ఆదివారం మహావీర్ హరిణ వనస్థలికి వెళ్ళాం. ఎల్బీనగర్ దాటి, చింతలకుంట దాటి, వనస్థలిపురం పక్కన, విజయవాడ రోడ్డును ఆనుకుని ఉన్న అడవి. ఒకప్పుడు అది నిజాం వేటకు ఉంచుకున్న నేల. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరాన్ని తలుచుకుంటూ 1975లో దాన్ని జింకల వనం చేసి ఆయన పేరు పెట్టారు. తుపాకులు పేలిన చోటుకు అహింస చెప్పినవాడి పేరు. ఇంత మంచి పేరు పెట్టిన వాళ్ళెవరో కాని వాళ్ళకు దణ్ణం. 1994లో అది జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మూడు వేల ఆరు వందల ఎకరాలు. రోడ్డు మీద లారీల హోరు వినబడుతూనే ఉంటుంది, లోపల నెమలి అరుపు కూడా వినబడుతూనే ఉంటుంది.

లోపలికి పోగానే పిల్ల కొంచెం నిరాశపడింది. "ఇది అడవిలాగా లేదు" అంది. నిజమే, పెద్ద చెట్ల చీకటి లేదు. తుమ్మ, రేగు, వేప, అక్కడక్కడా మోదుగ, మధ్యలో నడుమెత్తు గడ్డి, బండరాళ్ళు. మనకు అడవి అంటే సినిమాలో చూసిన అడవి, పుస్తకంలో గీసిన అడవి. దక్కన్ పీఠభూమి అడవి ఇట్లాగే ఉంటుంది. ఎండకు ఎండి, వానకు లేచి, ముల్లుతో తనను తాను కాచుకుంటుంది. దీన్ని బీడు అన్నాం, బంజరు అన్నాం. ఖాళీగా ఉంది గదా అని కాగితాల మీద రాసి ప్లాట్లు కొట్టాం. మేమంతా ఉంటున్న కాలనీల కింద ఉన్నది ఇలాంటి నేలే.

ఆ గడ్డి ఎవరికోసమో కాసేపట్లో తెలిసింది. దూరంగా కృష్ణజింకలు, ఒక మగది, ఏడెనిమిది ఆడవి. మగదానికి వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉన్నాయి. అది గుబురు చెట్లలో బతికే జీవి కాదు. గడ్డి మేస్తుంది, నలుదిక్కులా చూపు ఆనాలి, ప్రమాదమొస్తే పరుగెత్తటానికి తెరిపి ఉండాలి. దాని వెంట పరుగెత్తిన చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. ఆ పరుగు మాత్రం కృష్ణజింక కాళ్ళలో ఇంకా ఉంది. ఖాళీ ఉందని ఈ గడ్డినేలలో మొక్కలు కిక్కిరిసి నాటితే దాని ఇల్లు మూసేసినట్టే. చెట్టు నాటడం పుణ్యమే, ఎక్కడ నాటుతున్నామో తెలిసి నాటినప్పుడు. ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణజింకే రాష్ట్ర జంతువు. తెలంగాణ వచ్చాక ఇక్కడ ఆ స్థానం మచ్చల జింకకు దక్కింది. రెండూ ఈ కంచె లోపలే మేస్తున్నాయి.

ఇక్కడ నోటుపుస్తకంలో నాలుగు గడులు నిండాయి: జిల్లేడు, గరిక, జమ్మి, రేగు. జమ్మి దగ్గర కాసేపు తర్కం నడిచింది, అది సర్కారుతుమ్మ కాదు గదా అని. అమెరికా ఖండం నుంచి వచ్చిన సర్కారుతుమ్మ జమ్మికి దగ్గరి చుట్టమే. దసరానాడు తెలియక దాని కొమ్మను బంగారమని పంచుకున్నవాళ్ళను నేను చూశాను. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. దాన్ని గుర్తుపట్టగలగడం మన బాధ్యత అని నేననుకుంటాను.

రేగు దగ్గర పిల్ల ఒక రెమ్మ మీద చెయ్యి వేసింది. నోటుపుస్తకంలో అంటించుకుందామని. వెనక నుంచి ఫారెస్టు వాచర్ మెల్లగా అన్నాడు, "తెంపకమ్మా, అది జింకల తిండి." గద్దించలేదు, ఉన్న మాట చెప్పాడు. జాతీయ పార్కులో ఆకు కోయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆయన చట్టం ఎత్తలేదు. పిల్ల చెయ్యి తీసేసింది. నాకు మాత్రం ఆ మాట లోపల తగిలింది. నాయనమ్మ కాలంలో ఊరంతా బీడుంది, ఇంటికో బుట్ట కోసినా రేగుకు లోటు రాలేదు. ఇవాళ ఇంతమంది జనానికి మిగిలింది కంచె వేసిన నాలుగు ముక్కలు. ఇప్పుడు ఆ బుట్ట పట్టుకుని వస్తే మనం మోసుకుపోయేది ఇంకొకరి కంచంలోది.

ఈ ఏడు చవితికి మేం పత్రి కట్ట కొనలేదు. కుండీలోని తులసి, మెట్ల పక్కన మొలిచిన గరిక, ఎదురింటివాళ్ళు ఇచ్చిన మామిడి రెమ్మ, అవి మూడే పెట్టాం. మిగతా పేర్లు చదివేటప్పుడు పిల్ల నోటుపుస్తకం తీసి, ఒక్కొక్క పేరుకూ ఆ చెట్టు నిలబడి ఉన్న చోటు చెప్పింది. వావిలి, గుర్రంగూడలో రెండో మలుపు. రేగు, వనస్థలిలో జింకలు కనబడిన చోట. గన్నేరు, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో. రావి, మా వెనకవీధి గుడి గోడ. పీట ముందు అక్షింతలు పడుతున్నాయి, ఆకులు చెట్ల మీదే ఉన్నాయి. పూజలో లోటు జరిగిందని నాకు అనిపించలేదు. దేవదారుకు గరికపోచ వేసే నాయనమ్మ మనవణ్ణి నేను.

వనాలు తీర్చే పెద్దలను ఒకటి కోరుతున్నాను. చెట్టు పక్కన పలక పెట్టినప్పుడు శాస్త్రీయ నామంతో పాటు తెలుగు పేరు పెద్ద అక్షరాల్లో రాయండి, ఊరివాళ్ళు పిలిచే పేరు రాయండి. ఉత్తరేణి అని ఉంటే అంటించుకుని ఆడిన పిల్ల ఆగుతుంది. తిరుగుదారిలో కొన్ని పలకల మీద పేరు బదులు ప్రశ్న రాయండి. చదివేవాళ్ళకూ ఒక మాట. చవితికి పదిరోజుల ముందు ఇంట్లో పిల్లలను తీసుకుని, ఆ ఇరవై ఒక్క పేర్లు రాసుకుని, మీకు దగ్గర్లో ఉన్న అడవికి వెళ్ళండి. చేతులు వెనక్కి కట్టుకుని నడవండి.

మా నోటుపుస్తకంలో ఇప్పటికి పదిహేడు గడులు నిండాయి. మాచిపత్రి, మరువం వేళ్ళమీద నిలిచి ఉండగా ఇంకా చూడలేదు. గండకి ఏదో పుస్తకానికొక మాట చెబుతున్నారు, పెద్దవాళ్ళను అడుగుతున్నాం. నాలుగోది దేవదారు.